ఒంటికి తాకిన మందు లెక్క

పాత విద్యార్థులు నెలకొల్పిన ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ మాస్టారు జనగామలో ఏళ్ల తరబడి రసాయన శాస్త్రం చెప్పారు. ఆయన గుణగణాలు నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. కాబట్టి నేను వాటి జోలికి పోకుండా, ఆయన సబ్జెక్టులోంచే ఒక లెక్క తీసి మీ ముందు చేస్తాను.

ఆ లెక్క ఇది. పని చేసే మనిషి ఒంటి మీదికి, ఒంట్లోకి రోజూ ఎంత రసాయనం పోతున్నది? దీన్ని తాకిడి అందాం. మనిషికి పరికరం తగిలించి కొలిస్తే తాకిడి తెలుస్తుంది. కొలిచే దిక్కు లేనిచోట పని తీరు, వాడిన మందు, పట్టిన సమయం, వేసుకున్న బట్టలు చూసి లెక్కగట్టాలి. అలా లెక్కగట్టే పద్ధతినే మోడల్ అంటారు. మోడల్ అనగానే కంప్యూటరు గుర్తుకొస్తుంది గానీ, దాని అసలు సరుకు ఏడో తరగతి పిల్లవాడు చేయగల గుణకారాలే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11 దాకా ఒక్క వరంగల్ జిల్లాలో భాగాలు. జనగామ వైపు పత్తి, మహబూబాబాద్ వైపు మిర్చి, భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు. బొగ్గు గనిలో దిగే కార్మికుడికీ, పత్తి చేన్లో పంపు మోసే కూలీకీ ఒకే జిల్లా ఆసుపత్రి ఉండేది. కానీ గని కార్మికుడి ఊపిరిలోకి పోయే దుమ్ముకు చట్టంలో ఒక అంకె ఉంది. పంపు మోసే కూలీ వీపు మీద కారే పురుగుమందుకు ఏ చట్టంలోనూ అంకె లేదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ముందు గని సంగతి. 2017 బొగ్గు గనుల నిబంధనల ప్రకారం, ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నదుమ్ము 8 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ దుమ్ములో సిలికా 5 శాతం మించితే 10ని సిలికా శాతంతో భాగించగా వచ్చిన అంకే హద్దు. అంటే సిలికా 10 శాతం ఉన్న రాతి దుమ్ములో హద్దు 1 మిల్లీగ్రాముకు దిగుతుంది. అంతకుముందున్న 1957 నిబంధనల్లో హద్దు 3 మిల్లీగ్రాములు. అయిదేళ్లకోసారి వైద్య పరీక్షను కూడా గనుల చట్టం కింద తప్పనిసరి చేశారు. అమలు ఎలా ఉందన్నది వేరే ఉపన్యాసం. అంకె ఉంది కాబట్టే అమలు లేదని అడిగే హక్కు యూనియన్‌కు ఉంది.

ఈ అంకెలు ఊరికే పుట్టలేదు. బ్రిటన్‌లో జాతీయ బొగ్గు బోర్డు 1950ల మొదట్లో 25 గనులను ఎంచుకుని, ఏ పనిలో ఎంత దుమ్ము రేగుతున్నదో ఏళ్ల తరబడి కొలిపించింది. ఆ పని చేసినవాళ్ల ఛాతీ ఎక్స్‌రేలు మళ్లీ మళ్లీ తీయించింది. ప్రతి కార్మికుడి జీవితాన్నీ పనులవారీగా విడగొట్టి, ఏ పనిలో ఎన్ని గంటలు, ఆ పనిలో సగటు దుమ్ము ఎంత అని గుణించి కూడారు. జీవితకాలపు దుమ్ము ఎంతకు చేరితే ఊపిరితిత్తులు చెడుతున్నాయో ఆ కూడికలోంచి తేలింది. 1969లో అదే బోర్డు ఎడిన్‌బరోలో పెట్టిన వృత్తి వైద్య సంస్థ నుంచే తర్వాతి కాలంలో తాకిడి మోడళ్ల మీద చాలా పని వచ్చింది. ఏ ఒక్క కార్మికుడి మెడకూ ముప్పై ఏళ్లు పరికరం వేలాడదీయలేదు. కొన్ని రోజులు కొలిచి, మిగతా రోజులు లెక్కగట్టారు. ఆ పద్ధతికి అప్పటి నుంచి ఇప్పటిదాకా పెద్దగా మార్పు లేదు.

ఇప్పుడు చేన్లోకి పోదాం. 1984 భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, పనిచోట గాలిలో ఏ రసాయనం ఎంతకు మించరాదో ఒక పట్టిక చేర్చారు. చేను ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఆ పట్టిక చేనుకు వర్తించదు. చేనుకు ఉన్నది 1968 క్రిమిసంహారక మందుల చట్టం, 1971 నిబంధనలు, డబ్బా మీద రంగు ముక్కోణం. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఈ రంగులు నిర్ణయమయ్యేది ఎలుకల మీద పరీక్షతో. నోటి ద్వారా కిలో శరీర బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే సగం ఎలుకలు చస్తే ఎరుపు, 500 లోపు పసుపు, 5000 లోపు నీలం, అంతకు మించితే ఆకుపచ్చ. మందు ఎంత ఘాటైనదో ముక్కోణం చెబుతుంది. ఆ మందు ఈ పంపుతో, ఈ ఎండలో, ఈ మనిషికి ఎంత తాకుతుందో చెప్పదు. ఆకుపచ్చ ముక్కోణం చూసి గ్లోవ్స్ అక్కర్లేదనుకునేవాళ్లను మీరూ చూసే ఉంటారు.

ఆసుపత్రి రిజిస్టర్‌లో ఈ లెక్క దొరుకుతుందా? వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి రికార్డుల మీద 2005లో ఒక మంచి పరిశోధన అచ్చయింది. 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో అక్కడ చేరినవాళ్లు 8040 మంది. వాళ్లలో 22.6 శాతం బతకలేదు. పత్తి మీద లద్దె పురుగు, శనగపచ్చ పురుగు విరుచుకుపడి, అప్పులు, నకిలీ మందులు కలిసి వరంగల్ రైతును కూల్చిన 1997-98 కూడా ఆ కాలంలోనిదే. పేరు తెలిసిన మందుల్లో ఎక్కువ ప్రాణాలు తీసినవి మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. అయితే 2002 వివరాలు విడిగా చూస్తే చేరినవాళ్లలో 96 శాతం తమంత తామే తాగినవాళ్లు. ఆ దుఃఖం చిన్నది కాదు. దాని మీద ఎంతో రాశారు, ఇంకా రాయాలి. నా ప్రశ్న మిగతా 4 శాతం గురించి. ఇంత మందు కొట్టిన జిల్లాలో, కొడుతూ కొడుతూ విషం పట్టినవాళ్లు అంత తక్కువా?

కారు. వాళ్లు ఆసుపత్రికి రారు, అంతే. 2003 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మన దేశంలోని మూడు పల్లెల్లో ఒక పరిశోధన జరిగింది. 50 మంది పత్తి రైతు స్త్రీలు తమకూ, తమ ఇంటి మగవాళ్లు 47 మందికీ మందు పని తర్వాత ఏం జరిగిందో తామే నమోదు చేశారు. నమోదైన 323 సంఘటనల్లో 83.6 శాతంలో ఏదో ఒక విష లక్షణం కనిపించింది. తల తిరగడం, కండ్లు మండడం నుంచి వణుకు దాకా. మందు కొట్టిన సందర్భాల్లో 6 శాతంలో నరాల మీద ప్రభావం చాలా తీవ్రం. అయినా ఒక్కరంటే ఒక్కరు డాక్టరు దగ్గరికి పోలేదు. భూస్వాములకంటే చిన్న, సన్నకారు రైతులకే తీవ్ర విషం ఎక్కువసార్లు పట్టింది. మన దగ్గర "మందు పట్టింది" అని ఒక మాట ఉంది. ఇంత మజ్జిగ తాగి, చెట్టు కింద పడుకుని, తెల్లారి మళ్లీ పంపు ఎత్తుకుంటారు. ఏ రిజిస్టర్‌లోనూ ఆ రోజు ఉండదు.

రిజిస్టర్‌కు ఎక్కని దాన్ని లెక్కగట్టే పద్ధతి ఒకటి 1960ల నుంచీ ఉంది. 1962లో డర్హమ్, వోల్ఫ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒక పద్ధతి వివరించారు. మందు కొట్టే మనిషి ఛాతీ, వీపు, భుజాలు, తొడల మీద చిన్న గుడ్డ ముక్కలు అతికించాలి. పని అయ్యాక వాటిని విప్పి, వాటిలో ఎంత మందు చేరిందో ప్రయోగశాలలో తేల్చాలి. ముక్క వైశాల్యానికీ శరీర వైశాల్యానికీ నిష్పత్తి తెలుసు కాబట్టి మొత్తం లెక్క వస్తుంది. ఊపిరికంటే చర్మానికి తాకేదే ఎన్నో రెట్లు ఎక్కువని ఇలాంటి కొలతలు చూపించాయి. ముక్కుకు రుమాలు కట్టుకుంటే సరిపోతుందన్న మన నమ్మకానికి జవాబు అప్పుడే వచ్చింది.

అలాంటి కొలతలు వందలకొద్దీ పోగయ్యాక మోడళ్లు పుట్టాయి. 1986లో బ్రిటన్, 1992లో అమెరికా, 2014లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ తమ తమ మోడళ్లు తెచ్చాయి. పేర్లు వేరు, ఎముకల గూడు ఒకటే. రోజుకు ఎంత మందు చేతిలోకి తీసుకున్నాడు, అందులో ఎంత వంతు ఒంటి మీద పడింది, బట్ట ఎంత ఆపింది, చర్మంలోంచి ఎంత వంతు లోపలికి పోయింది. వీటిని గుణించి శరీర బరువుతో భాగిస్తే రోజు మోతాదు. దాన్ని ప్రమాదం లేని మోతాదుతో పోల్చాలి.

మనమూ ఒకసారి చేద్దాం. మూడు దశాబ్దాలు మన పత్తిని ఏలిన మోనోక్రోటోఫాస్‌నే తీసుకుంటాను. 36 శాతం మందు అంటే లీటరులో అసలు విషం 360 గ్రాములు. లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్లు అన్న సిఫారసు పత్తి రైతుకు నోటికి వచ్చు. 16 లీటర్ల పంపుకు 25.6 మిల్లీలీటర్లు, అంటే సుమారు 9.2 గ్రాముల విషం. రోజుకు 15 పంపులు కొట్టాడనుకుందాం. 138 గ్రాములు. అందులో వెయ్యో వంతు ఒంటి మీద పడిందని నా ఊహ. 138 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు చర్మం దాటిందని ఇంకో ఊహ. 13.8 మిల్లీగ్రాములు. మనిషి బరువు 50 కిలోలు. కిలోకు దాదాపు 0.28 మిల్లీగ్రాములు.

దీన్ని దేనితో పోల్చాలి? ఎఫ్‌ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం ఈ మందుకు ఒక రోజులో తిండి ద్వారా పోయినా ఇబ్బంది లేని మోతాదు కిలోకు 0.002 మిల్లీగ్రాములని నిర్ణయించింది. అది తినేవాడికి పెట్టిన హద్దు, పనివాడికి పెట్టింది కాదు. అయినా కొలబద్దగా పనికొస్తుంది. మన పనివాడి మోతాదు దానికి 140 రెట్లు. ఊహలు తప్పంటారా? సరే, వెయ్యో వంతు కాదు, పదివేలలో ఒక వంతే పడిందనుకోండి. అప్పటికీ 14 రెట్లు. మోడల్ బలం ఇక్కడే ఉంది. దాని ఊహలు పదింతలు తప్పినా తీర్పు మారని సందర్భాలు ఉంటాయి. అలాంటిచోట ఇంకా కచ్చితమైన కొలతలు వచ్చేదాకా ఆగుదామనడం ఆలస్యానికి సాకు. 2011లో ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు ఆపింది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద 2005లో, 36 శాతం ద్రావణాన్ని మొత్తంగా 2023లో కేంద్రం ఆపింది. కాగితం మీద అరగంట పట్టే గుణకారం చెప్పిన సంగతికి ఇన్నేళ్లు పట్టింది.

ఇదే లెక్కలో ఇంకో మనిషి ఉంది. ఇంటావిడ. బిందెలతో నీళ్లు మోసి, డబ్బా మూత తీసి, మూతతోనే కొలిచి, బకెట్‌లో కలిపి పంపులో పోసేది చాలా ఇళ్లలో ఆమే. ఆమె ముట్టుకునేది నీళ్లు కలపని మందు. ఒక మిల్లీలీటరు చేతి మీద ఒలికితే అది 625 మిల్లీలీటర్ల పిచికారీ నీళ్లతో సమానం. 360 మిల్లీగ్రాముల విషం. రోజంతా పంపు మోసిన మగవాడి ఒంటి మీద పడిందని ఇప్పుడే అనుకున్న 138 మిల్లీగ్రాములకు రెండున్నర రెట్లు, ఒక్క క్షణంలో. వెంటనే సబ్బుతో కడిగితే చాలా భాగం పోతుంది. చేను గట్టున సబ్బు ఎక్కడిది? మందు కొట్టినవాడు ఎవరని అడిగితే ఆమె తన పేరు చెప్పదు. సర్వేలో "మందు కొడతారా" అన్న ప్రశ్నకు "లేదు" అనే టిక్కు పెట్టించుకుంటుంది. మోడల్‌కు సరైన ప్రశ్న "డబ్బా మూత ఎవరు తీస్తారు?"

అమెరికాలో 1993లో మొదలైన వ్యవసాయ ఆరోగ్య అధ్యయనంలో అయోవా, నార్త్ కరోలినా రైతులకు కొలతలు లేకుండానే తాకిడి మార్కులు వేశారు. కలపడానికి కొన్ని, కొట్టడానికి కొన్ని, మరమ్మతుకు కొన్ని. వాటి మొత్తాన్ని రక్షణ బట్టల గుణకంతో తగ్గిస్తారు. ట్రాక్టరుకు బిగించిన గొట్టంతో కొడితే 3 మార్కులు, వీపు పంపుతో కొడితే 8. పెద్ద ఆసామి క్యాబిన్‌లో కూర్చుని 3 దగ్గర ఉంటే, మన కూలీ నడుచుకుంటూ 8 దగ్గర మొదలవుతాడు. ముక్కు పూడుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదేవాడికి ఆ పట్టికలో మార్కు లేదు. అయోవాలో ఎవరూ ఊదరు కాబోలు.

అరువు తెచ్చుకున్న మోడళ్లతో చిక్కు ఇదే. ఐరోపా మోడల్‌లో మనిషి బరువు 60 కిలోలు. గ్లోవ్స్, కవరాల్ తొడిగితే తాకిడి ఎంతో తగ్గుతుందని గుణకం. వానకాలపు ఉక్కలో, భాద్రపదం ఎండలో, చిట్యాల, రేగొండ పత్తి చేన్లలో ప్లాస్టిక్ కవరాల్‌తో పది పంపులు కొట్టగలవాడు ఎవరు? చెమటకు తడిసిన చర్మం మందును ఇంకా బాగా పీలుస్తుంది. మనవాడు లుంగీ పైకి కట్టి, మందు కొట్టిన సాలు గుండానే ముందుకు నడుస్తాడు. తడిసేది ముందు తొడలు. పంపు మూత వదులైతే వీపు. ఈ రెండు చోట్లా గుడ్డ ముక్క పెట్టి తెచ్చిన మన అంకెలు మోడల్‌లో ఉండాలి. ఒకే పని చేసేవాళ్ల మధ్య కూడా తేడా తక్కువేం కాదు. 1993లో నెదర్లాండ్స్‌కు చెందిన క్రోమౌట్, ఆయన సహచరులు ఇరవై వేల దాకా కొలతలను, 165 వృత్తి బృందాలను పరిశీలిస్తే, బృందంలోని దాదాపు అందరి సగటు తాకిడీ రెండింతల తేడాలోపు ఉన్నవి నాలుగో వంతు మాత్రమే. సగటు కూలీ అంటూ ఎవరూ లేరు.

మహబూబాబాద్ మిర్చి తోటలకు వస్తే లెక్క మారుతుంది. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూతనంతా పీల్చేసినప్పుడు మరిపెడ, డోర్నకల్, కురవి వైపు మందు మీద మందు పడింది. తోటలు పోయి, అప్పులతో రైతులూ పోయారు. ఆ కథలో వెనక నిలబడినవాళ్లు కాయ ఏరే కూలీలు. వాళ్లు మందు కొట్టరు. ఆకు మీద మిగిలిన మందు చేతికి అంటుకుంటుంది. దీనికో మోడల్ ఉంది. ఆకు మీద చదరపు సెంటీమీటరుకు ఎంత మందు ఊడివచ్చేలా ఉంది, గంటలో మనిషి ఎంత ఆకు ఒరుసుకుంటుంది, ఎన్ని గంటలు. ఐరోపా మోడల్‌లో కూరగాయలు కోసే మనిషికి ఒళ్లంతా బట్ట ఉండి చేతులు ఖాళీగా ఉంటే గంటకు 2500 చదరపు సెంటీమీటర్లు. గ్లోవ్స్ కూడా తొడిగితే 580. ఒక్క గ్లోవ్స్ జతతో నాలుగో వంతు కంటే తక్కువకు దిగుతున్నది. ఇంతకంటే చవకైన వైద్యం నాకు తెలియదు. అయితే మన ఏరుడు వేరు. తండాల నుంచి ఆటోల్లో వచ్చిన ఆడవాళ్లు నడుముకు ఒడి కట్టి, కాయలు అందులో వేసుకుంటారు. ఒడిలోని కాయ నుంచి మందు చీర దాటి పొట్టకు తాకుతుంది. గంటలు కాదు, పొద్దంతా. నాకు తెలిసిన ఏ మోడల్‌లోనూ ఒడి లేదు. మనం చేర్చాలి.

మళ్లీ పత్తికే వస్తే, 2017లో మహారాష్ట్ర యవత్‌మాల్‌లో ఒకే సీజన్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఏడు పత్తి తల దాకా పెరిగింది. నాజిల్ నడుము ఎత్తు నుంచి ముఖం ఎత్తుకు లేచింది. పైరు ఎత్తు ఒక్కటీ గుణకంగా ఉన్న చిన్న మోడల్ అయినా చేతిలో ఉంటే, ఆగస్టులోనే ఎవరో ఒక అధికారి ఆపేవాడు. మొగుళ్లపల్లిలోనూ, దేవరుప్పులలోనూ అంత ఎత్తు పత్తి పెరిగిన సంవత్సరాలు ఉన్నాయి.

మోడల్ చెప్పింది నిజమో కాదో రక్తం చెబుతుంది. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు కోలినెస్టరేజ్ అనే ఎంజైమును కుంగదీస్తాయి. కాలిఫోర్నియాలో 1974 నుంచి, ఈ మందులు తరచుగా వాడే పనివాళ్లకు సీజన్‌కు ముందొకసారి, పని జరుగుతుండగా మళ్లీ రక్త పరీక్ష చేయించడం యజమాని బాధ్యత. మొదటి అంకెలో 80 శాతానికి పడిపోతే పని పద్ధతులు తనిఖీ చేయాలి. ఎర్ర రక్తకణాల్లోని ఎంజైము 70 శాతానికి పడిపోతే ఆ మందు పని నుంచి మనిషిని తప్పించాలి. ఖరీదైన పరీక్ష కాదిది. ఎంజీఎంలో విషం తాగినవాళ్లకు చేసేదే.

ఈ గుణకారమంతా ఒక్క దెబ్బతో తేలికయ్యే ఊరు కూడా జనగామ జిల్లాలోనే ఉంది. లింగాలఘనపురం మండలం ఏనబావి 2006లో రసాయనాలు లేని ఊరిగా ప్రకటించుకుంది. సుమారు యాభై కుటుంబాలు. వేప కషాయాలు, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలతో పురుగును ఆపారు. వాళ్ల లెక్కలో మొదటి గుణకం, అంటే చేతిలోకి తీసుకున్న మందు, సున్నా. తర్వాత ఎన్ని గుణించినా సున్నాయే. అన్ని ఊళ్లూ రేపే ఏనబావులు కావు, మిర్చి ఊళ్లు అసలే కావు. అందాకా పంపు మోసేవాడికీ, ఒడి కట్టే ఆమెకూ లెక్క కావాలి.

వరంగల్ వ్యవసాయ కళాశాల, కాకతీయ వైద్య కళాశాల ఒకే నగరంలో ఉన్నాయి. ఆ రెండు చోట్ల చదివే పిల్లలు ఈ సభలో ఉన్నారు. వాళ్లను, వాళ్ల అధ్యాపకులను నేను అడిగేది ఇదే. వచ్చే వానకాలం జనగామలో పత్తికి మందు కొట్టేవాళ్లకు, ఆ తర్వాత కోతల కాలంలో మహబూబాబాద్‌లో మిర్చి ఏరేవాళ్లకు, వాళ్లు ఒప్పుకుంటే, గుడ్డ ముక్కలు అతికించండి. తొడల మీద, వీపు మీద, ఒడి లోపల. డబ్బా మూత తీసే చేతిని మరవకండి. సీజన్‌కు ముందు, తర్వాత రక్తం చూడండి. వచ్చిన అంకెలను వ్యవసాయ శాఖకు, కార్మిక శాఖకు పంపండి, తెలుగులో అచ్చు వేయండి. భూపాలపల్లి గనికి 2 మిల్లీగ్రాములు అన్నట్టు మిర్చి తోటకు కూడా ఒక అంకె పెట్టమని అడగాలంటే ముందు ఆ అంకెలు మన దగ్గర ఉండాలి. ఆ పనికి ఈ ధర్మనిధి వడ్డీ సరిపోతుందేమో నిర్వాహకులు ఆలోచించాలని కోరుతున్నాను.